తోట నేర్పిన భృత్యాచారము



బసవేశ్వరుని బోధలలో మనము అన్నిటికంటె ఎక్కువగా చెప్పుకొనునది కాయకము. ఏ వృత్తియైనను సత్యముగా, శివార్పణబుద్ధితో, ఒకరిని పీడింపక చేసినచో అదియే పూజ యగుననియు, కైలాసమును వేరొక చోట వెదుకనక్కరలేదనియు మన పురాతనులు బోధించిరి. 12వ శతాబ్దమున కళ్యాణపురమున, మడివాల మాచయ్య బట్టలుతికెను. నులియ చందయ్య త్రాళ్ళు పేనెను. మేదర కేతయ్య బుట్టలల్లెను. అంబిగర చౌడయ్య పడవ నడిపెను. బిజ్జలుని కొలువున మంత్రియైన బసవేశ్వరునితో సమానముగా వీరందరు అనుభవమంటపమున గూర్చుండి శివానుభవమును ముచ్చటించిరి. ఈ సంగతులు చెప్పని సభ మనలో లేదు, వినని చెవి లేదు.

నేనును అట్లే ముప్పది యేండ్లు ఉపన్యసించితిని. వృత్తిచేత ఉపాధ్యాయుడను. బసవజయంతి వచ్చినదనిన చుట్టుప్రక్కల నాలుగూళ్ళ నుండి పిలుపు వచ్చెడిది. మాచయ్య రేవును, చందయ్య త్రాటిని నేను వర్ణించుచుండగా సభలో కొందరు కన్నీరు పెట్టుకొనెడివారు. అట్టి నేను అరువది యేండ్లు నిండిన పిమ్మట మొదటిసారి గడ్డపార చేతబట్టితిని. పట్టిన అరగంటకే రెండరచేతులును బొబ్బలెక్కినవి. ఆ బొబ్బలను చూచుకొనినపుడు కలిగిన సిగ్గు నేటికిని మరువలేదు. అవి ముప్పది యేండ్లు కాయకమును నోటితో చేసిన వాని చేతులు! నేడు మీ ఎదుట చెప్పదలచినది పాండిత్యము కాదు. ఆ చేతులు ఆలస్యముగా నేర్చుకొనిన పాఠమును మాత్రమే చెప్పదలచితిని.

మా ఊరి మఠము వెనుక పది గుంటల నల్లరేగడి నేల చాలకాలము బీడుగా పడియుండెను. సర్కారుతుమ్మ పెరిగి, పాములకు నిలయమై యుండెను. మఠములో పూజకు పూలు బజారునుండి కొనెడివారము. మారేడు పత్రికై ఎవరెవరి పెరడులో వెదకెడివారము. దాసోహమునకు కూరగాయలు సంతనుండి వచ్చెడివి. పదవీవిరమణానంతరము తీరిక చిక్కగా, ఆ బీడును అందరము కలసి తోటగా మార్చుదమని నేను ప్రతిపాదించితిని. సగము పత్రిపుష్పములకు, సగము దాసోహపు కూరలకు. ఇరువది కుటుంబములవారు ఒప్పుకొనిరి. ఇంటికొక మడి చొప్పున పంచుకొంటిమి.

అంతవరకు బాగుగనే యుండెను. మొదటి మొక్క నాటుటకు శుభదినము కావలెను గదా! వైశాఖ శుద్ధ తదియ బసవజయంతి. అంతకంటె శుభదినమేది? ఆనాడు మంగళవాద్యములతో అరువది మొక్కలు నాటించితిని. మారేడు, నందివర్ధనము, గన్నేరు, మందారము. బలము కలుగునని గోతినిండ పచ్చిపేడ వేయించితిని. మిట్టమధ్యాహ్నము వాడిన ఆకులను చూచి జాలిపడి ఆ వేళనే బిందెలకొలది నీరు పోసితిని.

కొట్టివేసిన తుమ్మకట్టెలు ఏరుకొనుటకు మా ఊరి దళితవాడనుండి ఒక ముసలమ్మ వచ్చెడిది. వయసు డెబ్బది దాటినది. పుట్టినది మొదలు పరుల పొలములలో పని చేసినది. ఆమె నా తోటను కొంతసేపు చూచి, "గీ ఎండల్ల మొక్క పెడితె బతుకుతదా సారూ? జర ఆగుండ్రి, మిరుగం రానీయుండ్రి. పచ్చిపేడ ఏస్తె ఏళ్ళు మాడిపోతయి" అనినది. నేను చిరునవ్వు నవ్వి ఊరకుంటిని. బసవజయంతినాడు నాటిన మొక్కకు కార్తెలతో పనియేమి యనుకొంటిని.

మూడు వారములు గడచునప్పటికి అరువదింటిలో నాలుగు మిగిలినవి.

శరణులారా! ఇందు ఆలోచింపదగినది ఒకటి కలదు. నేను చేసినది భక్తియే యనుకొంటిని. కాని నేల స్వభావమును, ఋతుధర్మమును, వేరు పడు బాధను విచారింపక నా ముచ్చటకై చేసిన పని భక్తి యెట్లగును? మృగశిరకార్తె జూన్ మొదటి వారము దాటగనే ప్రవేశించును. తొలకరితో నేల చల్లబడును. అప్పుడు నాటిన మొక్క వానకాలమంతయు వేరూనుకొనును. చివికి మట్టివంటిదైన ఎరువు వేరునకు ఆహారము. పచ్చిపేడ మురుగునపుడు పుట్టు వేడి లేతవేరునకు నిప్పు. ఇవి శాస్త్రగ్రంథములలోని గూఢార్థములు కావు. పొలమున పనిచేయు ప్రతి కూలికి తెలిసిన సంగతులు. తెలియనిది నాకు మాత్రమే. తెలియదని తెలియకపోవుట అంతకంటె పెద్ద లోపము.

మరల మిరుగము వచ్చినపుడు ఆమెను నేనే పిలిచితిని. ఆమె కూలి అడుగలేదు. కట్టెలు తీసుకొనిపొమ్మనగా చాలుననినది. నాకు అక్షరాభ్యాసము మరల ప్రారంభమైనది. నల్లరేగడి తడిసియున్నపుడు మడిలో అడుగుపెట్టరాదు, త్రొక్కిన మట్టి ఎండి రాయివలె బిగియును. వాననీరు నిలువకుండ మడులను జానెడెత్తు లేపవలెను. నీరు ప్రొద్దు వాలిన తరువాత మొదటిలో పోయవలెను. రాలిన ఆకులను తగులబెట్టక మొక్కల మొదళ్ళలో పరచినచో తేమ నిలుచును. కూరమడుల చుట్టు బంతి నాటినచో వేరుపురుగుల బాధ తగ్గును. చిక్కుడునకు పందిరి ముందు, విత్తు తరువాత. ఇట్లు రోజుకొక పాఠము. పంతులునైన నేను నేలపై చతికిలబడి వినెడివాడను.

శ్రావణమాసము నాటికి తోట కన్నులపండువై నిలిచినది. సోమవారపు అభిషేకమునకు మా తోటలోని తుమ్మిపూలు, నందివర్ధనములు వచ్చినవి. దాసోహమునకు బీరకాయలు, తోటకూర, గోంగూర వచ్చినవి. చూడవచ్చిన పొరుగూరివారు, "ఈ తోట ఎవరు పెట్టినారు?" అని అడిగినపుడు నా నోట వచ్చిన మాట యేమో తెలియునా? "నేనే." అంతటితో ఆగలేదు. గేటు ప్రక్కన ఒక బోర్డు వ్రాయించి, సంస్థాపకుడని నా పేరు వేయించుకొంటిని.

ఇట్టి సందర్భమున సిద్ధరామేశ్వరుని వృత్తాంతము మనకు స్మరణీయము. సొన్నలిగ, అనగా నేటి షోలాపూరున, సిద్ధరాముడు ప్రజలకై గొప్ప చెరువు త్రవ్వించెను. ఆ చెరువు నేటికిని ఉన్నది. అది నిస్సందేహముగా లోకహితకార్యము. అయినను అల్లమప్రభువు అచ్చటికి వచ్చి, త్రవ్వుచున్న పనివారి ఎదుట అతనిని మట్టిపని చేయువానిగా తూలనాడి పిలిచెనని మన గ్రంథములు చెప్పుచున్నవి. పనివారు రాళ్ళు రువ్విరి. సిద్ధరాముడు కోపోద్రిక్తుడై వచ్చెను. ప్రభువు చూపదలచినది ఆ కోపమునే. చెరువు త్రవ్వినను లోపలి "నేను" త్రవ్వబడలేదని తెలియజెప్పుటకే ఆ పరీక్ష. సిద్ధరాముడు మహనీయుడు గనుక వెంటనే గ్రహించెను. ప్రభువు వెంట కళ్యాణమునకు వెడలెను. అచ్చట చెన్నబసవేశ్వరునివలన ఇష్టలింగదీక్ష పొందెను. చెరువు త్రవ్వించిన వానికే ఆ పరీక్ష తప్పలేదు. పది గుంటల తోటకు బోర్డు కట్టిన నాకు తప్పునా?

నా పరీక్ష అల్లమప్రభువు రూపమున రాలేదు. ఆ శ్రావణముననే ముసలమ్మ ఒకనాడు నాతో, "సారూ, నాకు సుత ఒక మడి ఇయ్యుండ్రి. మూలకున్నదైనా సరే. నాకంటూ ఇంత జాగ ఎన్నడు లేకపాయె" అనినది. మాట యిచ్చి తోటసభలో ఆ సంగతి పెట్టితిని. ఒక పెద్ద లేచి, "ఆమె లింగధారిణి కాదు, భవి. భవి చేతిపూవు మన లింగము మీదికి ఎట్లు చేరును?" అని ప్రశ్నించెను. ఇంకొకరు తలయూచిరి. సభలో ఎవరును మాటాడలేదు. అందరును నావైపు చూచిరి.

నేను మాటాడలేదు. కలహము వచ్చునని, తోట చెడునని, నా బోర్డు క్రింద నిలిచిన సమూహము చీలునని భయపడితిని. ముప్పది యేండ్లు అనర్గళముగా ఉపన్యసించిన నోరు, ఒక్క మాట అవసరమైన వేళ మూతబడినది. మఱునాడు ఆమెతో, "ఇపుడు కాదవ్వా, తరువాత చూతము" అంటిని. ఆమె నన్నొక క్షణము చూచి, "మంచిది సారూ" అనినది. మరల తోటకు రాలేదు.

ఆనాడు నేను చెప్పవలసియుండి చెప్పని సమాధానము ఇప్పుడు మీ ఎదుట చెప్పుచున్నాను. ఇన్నేండ్లు మఠమునకు బజారునుండి పూలు కొంటిమి. అవి ఎవరి చేతిలో పెరిగినవో ఒక్కనాడైనను విచారించితిమా? అభిషేకపు పాలు ఏ యింటి గేదెవో అడిగితిమా? డబ్బు చెల్లించినపుడు అడుగని ప్రశ్నను, ఆమె మన ప్రక్కన సమానముగా మడి కట్టుదుననినపుడు ఏల అడిగితిమి? మన బాధ పూవును గూర్చి కాదు, సమానాసనమును గూర్చి. సమానాసనము కొరకే గదా కళ్యాణమున అనుభవమంటపము వెలసినది! మాదర చెన్నయ్యను, డోహర కక్కయ్యను బసవేశ్వరుడు తన వచనములలో ఆత్మబంధువులుగా చెప్పుకొనెను. కులమున ఉన్నతుడై జన్మించి, వారి వంశమువాడనని చెప్పుకొనుట తనకు గౌరవమని భావించెను. కళ్యాణమునకు చేరిన వేలమంది పుట్టుకతోనే లింగధారులా? ముందు వాకిలి తెరువబడినది, తరువాతనే వారు లోనికి వచ్చిరి. వాకిలి మూసి, వారు భవులని మనము పలుకుట న్యాయమా?

ఇంకొక మాట. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమును జాను తెనుగున, సామాన్యులు పాడుకొనదగిన ద్విపదలో రచించెను. ప్రజల భాషలో చెప్పిన పురాణమును పూజించుచు, ఆ భాష మాటాడు ప్రజల మాటకు చెవియొగ్గని వారమైతిమి. "మిరుగం రానీయుండ్రి" అని ఆమె చెప్పినపుడు నేను నవ్వితినని చెప్పితిని గదా. ఆ నవ్వులోనే తరువాతి మౌనమునకు విత్తనము కలదు.

ఆమె లేకుండ తోట ఆరేడు నెలలు నడచినది. నేర్చిన నాలుగు మాటలతో నెట్టుకొని వచ్చితిని. శివరాత్రి గడచినది. చైత్రము ప్రవేశించునప్పటికి, మిరుగములో నాటిన మారేడు మొక్కలు ఒక్కొక్కటి ఆకులన్నియు రాల్చి మోడులైనవి. మరల చంపుకొంటినని నా గుండె జారిపోయినది. ఎండిన మొక్కలను పీకివేయుదమని ఒక ఉదయమున మొదటిదానిపై చేయి వేసితిని. పీకుటకు మనసొప్పలేదు. అడుగుటకు ఒక్కరే యున్నారు. ఆమె ఇంటికి పోవు ముఖము నాకు లేదు. అయినను పోతిని.

అరువదేండ్ల నా జీవితమున ఆ వాడలో నేను అడుగుపెట్టుట అదే మొదటిసారి. మా మఠమునుండి ఆ వాడ రెండు ఫర్లాంగుల దూరము లేదు. ఆమె అరుగుమీద కూర్చుండి చింతపండు గింజ తీయుచుండెను. "అవ్వా, మారేడు చచ్చిపోయినట్లున్నది. ఒకసారి వచ్చి చూడుము. నీ మడి మాట ఆనాడు నేను మాటాడలేదు. అది నా తప్పు" అంటిని. ఆమె ఏమియు అనలేదు. చేతులు కడుగుకొని లేచి వచ్చినది. తోటలో మొదటి మోడు వద్ద వంగి, కాండముమీద బొటనవ్రేలి గోటితో కొంచెము గీరినది. పైపొర క్రింద పచ్చదనము మెరసినది. "సావలె సారూ. మారేడు గిట్లనే ఆకు రాలుస్తది. లోపట పచ్చిగున్నది సూడుండ్రి. పీకకుండ్రి, చిగురేస్తది" అనినది.

శరణులారా! ఆ గోరు మారేడును గీరినదని మీరనుకొనుచున్నారు. నన్ను గీరినది. పైకి మోడుగ కనబడినది లోన పచ్చగా నుండవచ్చును. పైకి పచ్చగా పూచినది లోన ఎండియుండవచ్చును. తోట పచ్చగా నుండిన శ్రావణమున నేను ఎండితిని. ఆ మోడుల నడుమ నిలిచినపుడు నాలో కొంచెము తడి మిగిలియున్నదని ఆమె వలననే తెలిసినది. పదునైదు దినములకు ఆ కొమ్మలన్నిట ఎఱ్ఱని లేతచిగురు వచ్చినది.

ఆ వారమే తోటసభను పిలిచితిని. ముందుగా బోర్డు విప్పించితిని. తరువాత, చెప్పవలసినది చెప్పితిని. ఆమెకు మడి యివ్వనిచో నా మడియే ఆమెకిత్తుననియు, నేను ఆమె వద్ద పనివాడనుగా నుందుననియు పలికితిని. ఇది గొప్పకు చెప్పుట లేదు. శ్రావణములో చెప్పియుండిన ఒక్క మాటతో తీరెడిది, ఆలస్యమువలన అంత దూరము వచ్చినది. వాదోపవాదములు జరిగినవి. రెండు కుటుంబములు తోట విడిచినవి. పదునెనిమిది నిలిచినవి. నేడు ఆమెతో కూడ ఆ వాడనుండి నాలుగు కుటుంబములకు మడులు కలవు. ఆనాడు ప్రశ్నించిన పెద్ద నేటికిని ఆ మడులలోని పూవు తీసికొనడు. కాని తన చిక్కుడునకు పేనుబంక పట్టినపుడు ఏమి చేయవలెనని ఆమెనే అడుగుచున్నాడు. చిగురు వచ్చుటకు ఒక్కొక్క చెట్టునకు ఒక్కొక్క కాలము.

మన పంచాచారములలో ఒకటి భృత్యాచారము. శివభక్తులకు నేను సేవకుడనను వినయమే దాని స్వరూపము. ఈ మాటను నేను వందసార్లు వ్యాఖ్యానించితిని. అర్థము తెలిసినది మాత్రము గడ్డపార పట్టిన పిమ్మటనే. క్రొత్తగా పని నేర్చువానికి ఒక భాగ్యము కలదు. వాడు ఇతరులను అడుగక తప్పదు. అడుగువాడు వంగక తప్పదు. వంగినవానికి నేల కనబడును, నేలపై కూర్చున్నవారును కనబడుదురు. పండితునికి దొరకని ఈ భాగ్యము తెలియనివానికి దొరకును. కనుక ఎంత వయసు వచ్చినను, తెలియని మంచి పని యొకటి క్రొత్తగా ఆరంభింపుడని నా ప్రార్థన.

షట్‌స్థలములలో భక్తస్థలమునకు శ్రద్ధాభక్తియు, మహేశ్వరస్థలమునకు నిష్ఠాభక్తియు, ప్రసాదిస్థలమునకు అవధానభక్తియు చెప్పబడినవి. విత్తునపుడు కావలసినది శ్రద్ధ. ఎండలోను వానలోను విడువక నీరుపోయుటకు కావలసినది నిష్ఠ. ఆకు రంగును, మట్టి తడిని, తోడివాని ముఖమును ప్రతిదినము గమనించుటకు కావలసినది అవధానము. పై మూడు స్థలములను గూర్చి పలుకుటకు నాకు అధికారము లేదు. మొదటి వాకిటనే ఇంకను మట్టి కడుగుకొనుచున్నాను.

మీ మఠము వెనుకనో, గుడి ప్రక్కనో అట్టి బీడు ఉన్నచో, పది గుంటలు వద్దు, రెండు గుంటలతో ఆరంభింపుడు. ముహూర్తమునకు ముందు మీ నేలను ఎరిగినవారిని అడుగుడు. ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అవసరమునకు మించి బియ్యము ఏరి తేగా, ఎక్కువైనది తిరిగి అచ్చటనే పోసిరమ్మని లక్కమ్మ పంపినదని మనము విందుము. మా తోటలోను అదే నియమము. ఇంటికి కావలసినది ఇంటికి, మిగిలినది దాసోహమునకు. ఎవరి పేరును గోడమీద లేదు.

మారేడు గింజనుండి పెరిగినచో కాయ కాయుటకు ఏడెనిమిదేండ్లు పట్టును. నేను ఆ కాయను చూతునో లేదో శివుడెరుగును. పత్రి మాత్రము వచ్చుచున్నది. ముసలమ్మ మడిలో, గట్టువెంట తుమ్మిపూలు తెల్లగా పూచుచున్నవి. ఆమెకు తన పోచమ్మతల్లి కలదు, నాకు నా ఇష్టలింగము కలదు. తెల్లవారుజామున ఆమె దోసెడు పూలు కోసి నా పళ్ళెములో పోయును. వానిని నా ఇష్టలింగమునకు అర్పించి దినమును ఆరంభించుచున్నాను.

జయ బసవేశ! శరణు శరణార్థి.